ఫోన్ ఎత్తగానే కాలెత్తే చింటూ

(గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

సెక్రటరీ గారు ఫోన్ చేసి "పెంపుడు జంతువులకి వేయించాల్సిన టీకాల గురించి చెప్పండి మేడమ్" అన్నారు. టీకాల సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. రేబీస్ టీకా మానకండి, డాక్టర్ రాసిన తేదీకి వేయించండి, కార్డు పారేసుకోకండి. అయిపోయింది. [నవ్వులు] మిగిలిన టైమంతా నా క్లినిక్‌లో రోజూ వినపడే ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను. కుక్కని టేబుల్ మీద పెడతారు, పెట్టి నా చెవి దగ్గరకొచ్చి, అదేదో కుక్కకి వినపడకూడదన్నట్టు అడుగుతారు. "మేడమ్, వీడికి నిజంగా నొప్పా, యాక్టింగా?"

చింటూ అని ఒక పొమేరియన్. అసలు పేరు చెప్పను, వాడి పరువు పోతుంది. రిటైరైన టీచర్ దంపతుల ఇంట్లో ఉంటాడు. వాళ్ళబ్బాయి డాలస్‌లో ఉద్యోగం. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాల్. పది రోజులుగా వీడు ఎడమ ముందుకాలు ఎత్తి మూడు కాళ్ళ మీద నడుస్తున్నాడని తీసుకొచ్చారు. అప్పటికే ఇంకోచోట రెండు ఎక్స్‌రేలు తీయించారు, వాటిలో ఏమీ లేదు. నేను వేళ్ళ సందులు లైటు వేసి చూశాను. ఒక్కో కణుపూ నొక్కాను. మణికట్టు, మోచేయి, భుజం మడిచి చూశాను. ఎక్కడా చలనం లేదు. మధ్యలో ఒకసారి ఆవలించాడు కూడా. కిందికి దించి "నడిపించండి సార్" అన్నాను. నాలుగడుగులు వేశాడు. కుంటాడు. కానీ ఈసారి ఎత్తింది కుడి కాలు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు టీచరమ్మ గారి వైపు చూశారు. ఆవిడ చాలా చిన్న గొంతుతో "నిన్నటిదాకా ఎడమేనండీ" అన్నారు. [నవ్వులు]

మీరు నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. కానీ నవ్వుతూనే రక్తం తీశాను. ఎందుకంటే గోమార్లు కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో, కొన్ని కీళ్ళ జబ్బుల్లో కుంటు ఇవాళ ఒక కాల్లో, రేపు ఇంకో కాల్లో కనపడుతుంది. కాలు మారింది కాబట్టి దొంగ అని తీర్పు చెప్పేస్తే పప్పులో కాలేసినట్టే. చింటూ రక్తం శుభ్రంగా ఉంది. అప్పుడు మాస్టారితో "హాల్లో ఓ పాత సెల్‌ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి, ఇద్దరూ గంటసేపు గుడికెళ్ళి రండి" అన్నాను. ఆ వీడియో నా దగ్గర ఇంకా ఉంది. సోఫా ఎక్కాడు, దిగాడు, గోడ మీద బల్లి కోసం నాలుగుసార్లు ఎగిరాడు. నాలుగు కాళ్ళూ నేల మీదే, అవసరమైతే నాలుగూ గాల్లోనే. గేటు చప్పుడైంది. చెవులు నిక్కబొడిచాయి. తలుపు దగ్గరికి పరిగెత్తాడు, తాళం తీసే లోపల హుందాగా కాలెత్తి నిలబడ్డాడు.

కూర్చోబెట్టి వివరాలడిగితే అసలు కథ బయటికొచ్చింది. మూడు నెలల కింద వాడి ఎడమ పాదంలో పల్లేరు ముల్లు దిగింది. అది నిజం. వారం రోజులు ఎత్తుకుని తిప్పారు, చికెన్ ఉడకబెట్టి చేత్తో తినిపించారు, పక్కమీద పడుకోబెట్టారు. ముల్లు పోయింది, పుండు మానింది. ఓ రాత్రి వీళ్ళిద్దరూ మనవడితో వీడియో కాల్‌లో మునిగిపోయి ఉన్నారు. వీడొచ్చి కాళ్ళ దగ్గర తిరిగాడు, మొరిగాడు, "ష్" అన్నారు. ఏ కారణం చేతో కాలు కాస్త ఎత్తాడు. టీచరమ్మ గారు "అయ్యో, మళ్ళీ నొప్పొచ్చిందేమోనండీ" అని ఫోన్ ఆయన చేతికిచ్చి వీణ్ణి ఒళ్ళోకి తీసుకున్నారు. ఇక అంతే. వాళ్ళు ఫోన్ ఎత్తడం, వీడు కాలెత్తడం.

ఇది మోసమా? మన భాషలో దీనికి మాటలకి కొదవ లేదు. వేషాలు, దొంగ ఏడుపు, దొంగ నిద్ర, కుంటి సాకు. కుంటి సాకు అన్న మాటలోనే కుంటు ఉంది చూడండి. మా అమ్మ అయితే "ఓవరాక్షన్" అనేది, ఎనభై ఏళ్ళ వయసులో, స్పష్టంగా. కానీ చింటూ బుర్రలో "ఇవాళ నొప్పి నటిస్తాను, వాళ్ళు నమ్ముతారు" అన్న ఆలోచన ఉండాల్సిన అవసరం లేదు. 1898లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే ఆయన ఆకలిగా ఉన్న పిల్లుల్ని చెక్కపెట్టెల్లో పెట్టి, బయట తిండి పెట్టి చూశాడు. లోపల ఓ తాడో మీటో ఉంటుంది, అది తగిలితే తలుపు తెరుచుకుంటుంది. పిల్లి మొదట రక్కుతుంది, కొరుకుతుంది, అరుస్తుంది. ఆ గందరగోళంలో అనుకోకుండా మీట తగులుతుంది. మర్నాడు కాస్త తొందరగా, ఆ మర్నాడు ఇంకా తొందరగా. కొన్నాళ్ళకి పెట్టెలో పెట్టగానే నేరుగా మీట దగ్గరికే వెళ్తుంది. పిల్లికి తాళం ఎలా పనిచేస్తుందో తెలియదు. ఏం చేస్తే ఏం దొరికిందో ఒంటికి తెలుసు. చింటూ పెట్టె వీడియో కాల్, మీట వాడి ముందుకాలు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. వీడు అడగడం నేర్చుకున్నాడు, నేర్పింది టీచరమ్మ గారు. ఆ మాట నేనంటే ఆవిడ నొచ్చుకున్నారు. "నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు నేర్పాను గానీ కుక్కకి కుంటడం నేర్పుతాననుకోలేదు" అన్నారు.

మీలో చాలామంది వాట్సాప్‌లో ఓ వీడియో చూసే ఉంటారు. 2019లో వచ్చింది, బ్యాంకాక్‌లో ఓ వీధికుక్క. రోడ్డు పక్కన వెనక కాలు ఈడ్చుకుంటూ వస్తుంది. చూసినవాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది. ఓ మనిషి ఆగి దగ్గరకి రాగానే, లేచి నాలుగు కాళ్ళ మీద చక్కగా నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. అక్కడివాళ్ళకి దాని సంగతి ఎప్పటినుంచో తెలుసట. వీధి కుక్కకి అది పొట్టకూడు, చింటూకి అది హాబీ. 2021 జనవరిలో లండన్ కుక్కొకటి ఇంకా పేరు తెచ్చుకుంది. దాని యజమాని చీలమండ విరిగి కట్టుతో కుంటుతూ వాకింగ్‌కి వెళ్తుంటే, ఇది పక్కన కాలెత్తి కుంటుతూ నడిచింది. ఆయన కంగారుపడి 300 పౌండ్ల పైచిలుకు ఖర్చు పెట్టి ఎక్స్‌రేలు తీయిస్తే ఏమీ లేదు. ప్రపంచమంతా "ఎంత సానుభూతి!" అని మురిసిపోయింది. అయి ఉండొచ్చు. నాకున్న అనుమానం వేరు. కుంటుతూ నడిచే మనిషి నెమ్మదిగా నడుస్తాడు. పక్కనున్న కుక్క మామూలు నడక సాగక, తడబడి కాలెత్తుతుంది. ఆయన "ఏమైందిరా" అని వంగి నిమురుతాడు. తరవాత కథ మనకి తెలుసు. మరీ రసహీనంగా చెప్తున్నానా? మా వృత్తి అలాంటిది.

గోళ్ళు తీయడం గురించి ఒక్కమాట. మా క్లినిక్ పక్కన టిఫిన్ సెంటర్ ఉంది. ఓ హస్కీకి, మంచు ప్రాంతాల కుక్క అది, గోళ్ళు తీసే రోజున ఆ టిఫిన్ సెంటర్ ఆయన గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు, మనుషులెవరినో కొడుతున్నారనుకుని. ఇంకా కత్తెర తగల్లేదు, పాదం పట్టుకున్నానంతే. అది కూడా నాటకం కాదు. గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి. నల్ల గోళ్ళలో అవి పైకి కనపడవు. ఎవరో ఎప్పుడో ఒకసారి లోతుగా కత్తిరించి ఉంటారు. ఆ జ్ఞాపకం అరుస్తోంది. పైగా హస్కీ జాతే గొంతున్న జాతి. అసలు గుంటూరు ఎండల్లో హస్కీని పెంచడమేమిటి అన్నది వేరే ప్రసంగం, అందులో నేనే అరుస్తాను. [నవ్వులు]

ఇక అలక సంగతి.

అలక మనవాళ్ళకి కొత్త కాదు. సత్యభామ అలక తెలుగువాళ్ళందరికీ ఇంటి విషయం. పెళ్ళిళ్ళలో అల్లుడికి అలకపాన్పు పెట్టి మరీ అలిగే అవకాశం ఇచ్చాం. కైక నగలన్నీ తీసి పడేసి కటిక నేల మీద పడుకుంది. దశరథుడు ఈ రాత్రి ఇటు రాడని తెలిస్తే పడుకునేదా? అలగాలంటే చూసేవాళ్ళుండాలి. అందుకే మా ఇంటి పిల్లి నా వైపు వీపు పెట్టి కూర్చున్నప్పుడల్లా నాకు ఈ పెద్దవాళ్ళందరూ గుర్తొస్తారు.

దాని పేరు బుజ్జమ్మ. నేను రెండు రోజులు క్యాంపుకి వెళ్ళొస్తే ఎదురు రాదు. ఫ్రిజ్ పక్కన గోడకి ముఖం పెట్టి కూర్చుంటుంది. పిలిస్తే తిరగదు. కానీ చెవులు చూడండి, నేను వంటింట్లోకి వెళ్తే అటు, హాల్లోకి వస్తే ఇటు తిరుగుతుంటాయి. తల గోడకి, చెవులు నాకు. కోపమని చాలాకాలం నేనే మురిసిపోయాను, నన్ను ఇంతలా మిస్సయిందని. తరవాత ఒక రోజు గమనించాను. స్నానం చేసి చీర మార్చుకుని వస్తే పది నిమిషాల్లో ఒళ్ళోకి వస్తోంది. దానికి నేనంటే నా వాసన. క్యాంపు నుంచి వచ్చేటప్పుడు నా ఒంటి మీద పాతిక కుక్కలు, పది గేదెలు, ఓ బాటిల్ డెట్టాల్. దాని లెక్కలో ఇంట్లోకి ఎవరో పరాయి మనిషి నా ముఖం పెట్టుకుని వచ్చింది.

కుక్క విషయంలో ఇంకో భ్రమ, "తప్పు చేసిన ముఖం." చెప్పు కొరికేసింది. మీరు వచ్చేసరికి తల వంచి, చెవులు వెనక్కి పెట్టి, తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తూ, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడింది. "చూడండి, దానికి తెలుసు" అంటారు. న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 2009లో 14 కుక్కలతో ఓ ప్రయోగం చేశారు. యజమాని తినుబండారం పెట్టి "తినొద్దు" అని చెప్పి బయటికి వెళ్ళాలి. ఆయన లేనప్పుడు కొన్నిసార్లు కుక్క తింటుంది, కొన్నిసార్లు అది తినకుండానే తీసేస్తారు. తిరిగొచ్చిన యజమానికి ఒక్కోసారి నిజం చెప్తారు, ఒక్కోసారి అబద్ధం. తేలిందేమిటంటే, ఆ తప్పు చేసిన ముఖం కుక్క తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ దిగులు ముఖం పెట్టినవి, ఏమీ తినకుండానే తిట్లు తిన్న కుక్కలు. అది నేరం ఒప్పుకోవడం కాదు, "కోపంగా ఉన్నావు, ఇక చాలు" అనడం. దాన్ని మనం సంతకం పెట్టిన వాంగ్మూలం కింద తీసుకుంటాం.

అలాగని అన్నీ తీసిపారేయను. మనసు కష్టపెట్టుకోవడం లాంటిది ఏదో వాటిలో ఉంది. వియన్నాలో ఫ్రీడరికె రాంగె అనే పరిశోధకురాలి బృందం 2008లో ఒక పని చేసింది. రెండు కుక్కల్ని పక్కపక్కన కూర్చోబెట్టి షేక్‌హ్యాండ్ అడిగారు. ఒకదానికి ఇస్తే తిండి, రెండోదానికి ఎన్నిసార్లిచ్చినా ఏమీ లేదు. ఆ రెండోది కాసేపటికి కాలివ్వడం మానేసింది, మొహం పక్కకి తిప్పుకుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, తిండి లేకపోయినా, అంత తొందరగా మానలేదు. అంటే పక్కవాడికి దొరుకుతోందన్నదే దాని బాధ. సరదా ఏమిటంటే, పక్కదానికి సాసేజీ, తనకి రొట్టెముక్క ఇస్తే పట్టించుకోలేదు. ఏదో ఒకటి చేతిలో పడితే చాలు. ఈ విషయంలో మన పెళ్ళిభోజనాల బంతుల కన్నా కుక్కలే నయం. [నవ్వులు]

వాటి దగ్గర ఆయుధాలు కూడా ఉన్నాయి మరి. కుక్క జాలిగా చూసినప్పుడు కనుబొమ లోపలి కొస పైకి లేస్తుంది, కళ్ళు పసిపాప కళ్ళలా పెద్దవైనట్టు కనపడతాయి. ఆ కొసని లేపే కండ ఒకటుంది. 2019లో శాస్త్రవేత్తలు కుక్కల ముఖాలు, తోడేళ్ళ ముఖాలు కోసి పోల్చి చూస్తే కుక్కల్లో అది తయారై ఉంది, తోడేళ్ళలో దాదాపు లేదు. వేల ఏళ్ళు మనతో కలిసి బతకడంలో, అలా చూడగలిగిన వాటికి ఓ ముద్ద ఎక్కువ దొరికి ఉంటుంది. పిల్లిదేమో గొంతు. ఆకలేసి పొద్దున్నే మీ మొహం దగ్గరకొచ్చి గుర్రుగుర్రుమంటుంది చూశారా, అది ఒళ్ళో పడుకున్నప్పటి గుర్రు కాదు. ఇంగ్లండ్‌లో సస్సెక్స్ యూనివర్సిటీ కారెన్ మెకోంబ్ 2009లో ఈ రెండూ రికార్డు చేసి చూస్తే, ఆకలి గుర్రులో పసిబిడ్డ ఏడుపు స్థాయికి దగ్గరగా ఉండే సన్నటి స్వరం ఒకటి దాగి ఉందని తేలింది. పిల్లిని ఎన్నడూ పెంచనివాళ్ళు విన్నా "ఇదేదో అర్జెంటు" అన్నారు. కాబట్టి తెల్లవారుజామున ఐదింటికి లేచి పాలు పోస్తున్నందుకు సిగ్గుపడకండి. చంటిపిల్ల ఏడుస్తుంటే పడుకోగలరా?

"అసలు కావాలని మోసం చేయలేవా మేడమ్?" అని ఓ కుర్రాడు అడిగాడు మొన్న. చేయగలవేమో. స్విట్జర్లాండ్‌లో మరియాన్ హెబెర్లైన్ అనే పరిశోధకురాలు తన కుక్కల్లో ఒకటి బయట ఏదో ఉన్నట్టు హడావిడి చేసి, రెండోది లేచి వెళ్ళగానే దాని పడక ఆక్రమించడం చూసి, ప్రయోగం పెట్టింది. ఇద్దరు మనుషులు. ఒకరు తిండి కనపడితే కుక్కకి ఇచ్చేస్తారు, ఇంకొకరు దాచేసుకుంటారు. కుక్క వాళ్ళని ఏ పెట్టె దగ్గరికి తీసుకెళ్తుందో చూశారు. దాచుకునే మనిషిని మంచి తిండి ఉన్న పెట్టెకి తక్కువసార్లు, ఖాళీ పెట్టెకి ఎక్కువసార్లు తీసుకెళ్ళాయి. 2017లో అచ్చైంది. లెక్క ఉందని ఒప్పుకుంటాను. కానీ నొప్పి నటించడం దాకా వెళ్ళాలంటే నాకు ఇంకా బలమైన సాక్ష్యం కావాలి. లాయిడ్ మోర్గన్ అని పాత కాలపు ఇంగ్లీషు పండితుడి కుక్క టోనీ, తలతో గేటు గడియ ఎత్తి బయటపడేది. చూసినవాళ్ళు ఆహా ఎంత తెలివి అనేవారు. మోర్గన్ మొదటినుంచీ చూశాడు కాబట్టి ఆయనకి తెలుసు. అది కమ్మీల మధ్య తల దూర్చి రోడ్డు చూస్తుంటే ఓసారి గడియ తగిలి లేచింది, నెమ్మదిగా అలవాటైంది. చిన్న కారణంతో తెమిలేదానికి పెద్ద కారణం వెతక్కండి అన్నాడాయన.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను.

ఓ ఆటో డ్రైవరు లాబ్రడార్‌ని తెచ్చాడు. ఆరేళ్ళది, పేరు రాణి. "పొద్దున లేవగానే వెనక కాలు కుంటుతుందమ్మా, కాసేపటికి బాగైపోతుంది" అన్నాడు. క్లినిక్‌లో అది రెండు కుక్కల్ని చూసి గంతులేసింది, నా మీదకి ఎగిరింది. కుంటు అన్న మాటే లేదు. అంతకు ముందు వారమే చింటూ కేసు. నేను నవ్వి "నాటకాలాడుతోంది, పట్టించుకోవద్దు" అని పంపించేశాను. రెండున్నర నెలల తరవాత మళ్ళీ వచ్చాడు. ఈసారి దాని వెనక నిలబడి రెండు తొడలూ రెండు చేతుల్తో పట్టుకున్నాను. కుడిది నిండుగా ఉంది. ఎడమది సగం తీసిన బస్తాలా మెత్తగా కుంగింది. అన్ని వారాలుగా ఆ కాలు మీద బరువు సరిగ్గా మోపలేదు, కండ కరిగిపోయింది. మోకాలి లోపలి లిగమెంటు కొంత తెగింది. కూర్చోమంటే ఆ కాలు మడవకుండా పక్కకి చాపి కూర్చుంది. మొదటి రోజున కూర్చోబెట్టి చూసి ఉంటే నాకు దొరికేది. నేను కూర్చోబెట్టలేదు. ఆ డ్రైవరు నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు పట్టించుకోవద్దన్నారని పట్టించుకోలేదమ్మా" అన్నాడంతే. అది తిట్టు కాదు కాబట్టే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కొత్తచోట కొత్త వాసనలకి ఒంట్లో అడ్రినలిన్ ఎక్కి నొప్పి కాసేపు మరుగున పడుతుంది. కాబట్టి ఇంట్లో కుంటి, డాక్టరు దగ్గర గంతులేసే కుక్క నటిస్తోందని అనుకోవద్దు. ఒకవేళ నటిస్తుంటే, అది నటించేది క్లినిక్‌లో బాగున్నట్టు. చిన్న జాతుల్లో, పొమేరియన్, చివావాల్లాంటి వాటిలో ఇంకోటుంది, మోకాలి చిప్ప జారడం. పరిగెత్తుతూ రెండు మూడడుగులు వెనక కాలెత్తి గెంతుతాయి, కాలు ఓసారి విదిలిస్తాయి, చిప్ప చోటుకొస్తుంది, మళ్ళీ మామూలే. అచ్చం వేషంలా ఉంటుంది. వేషం కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పల్నాడు పల్లెల్లో చేశాను. అక్కడ ఈ "దొంగ" అన్న మాట ఇంకా గట్టిగా వాడేవాళ్ళు. కాడి మెడ మీద పెట్టగానే పడుకునే ఎద్దుని "దొంగ గొడ్డు" అని తోక మెలిపెట్టేవాళ్ళు. మెడ మీద బొచ్చు పక్కకి తీసి చూస్తే లోపల కాడి పుండు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు. గేదె పాలు ఎగచేపితే కూడా అంతే, "దొంగముండ, దూడ కోసం దాచుకుంటోంది" అని తిట్టేవాళ్ళు. ఒకాయన భార్య పుట్టింటికి వెళ్ళింది. రోజూ ఆవిడే పితికేది. ఆయన కూర్చుంటే చుక్క రాదు. దూడని వదిలాడు, తవుడు పెట్టాడు, పాట పాడాడు. చివరికి నా దగ్గరకొచ్చి ఇంజక్షన్ అడిగాడు. నేను ఇవ్వలేదు, "మీ ఆవిడ పాత చీర కప్పుకుని కూర్చోండి" అన్నాను. మర్నాడు చెంబుతో పాలు తెచ్చిచ్చాడు. చీరతోనే వచ్చాడనుకునేరు, కాదు. [నవ్వులు] పాలు చేపడం గేదె చేతిలో లేదు. తెలిసిన చెయ్యి, తెలిసిన వాసన తగిలితే మెదడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వదులుతుంది, పాలు దిగుతాయి. బెదిరితే అడ్రినలిన్ దాన్ని ఆపేస్తుంది. అది తలుచుకుని దాచుకునేది ఏమీ లేదు.

పిల్లి విషయం మాత్రం కాస్త గట్టిగా చెప్తాను. పిల్లి నొప్పి చూపించదు, దాస్తుంది. తిండి మానేసి మంచం కింద దూరితే "అలిగింది, దాని టైమ్‌కి అదే వస్తుంది" అని వదిలేస్తారు. మగపిల్లి ఇసుక డబ్బా దగ్గరకి పదేపదే వెళ్ళి ముక్కి, చుక్క కూడా పోయకుండా వచ్చి దాక్కుంటోందంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రైనా తీసుకురండి. నొప్పి ఉన్న పిల్లి ముఖాన్ని చదవడానికి మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో ఓ పద్ధతి ఇచ్చారు. చెవులు పక్కలకి వాలి విడిపోతాయి, కళ్ళు చిట్లించినట్టవుతాయి, మూతి బిగుస్తుంది, మీసాలు నిటారుగా ముందుకొస్తాయి, తల భుజాల కన్నా కిందికి దిగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. పదికి నాలుగొస్తే నొప్పికి మందు కావాలి. అలిగిన బుజ్జమ్మకి సున్నా వస్తుంది, చెవులు చక్కగా నిలబడి నన్నే వెంటాడుతుంటాయి కదా.

ఇంకోటి, ఇంట్లో ఉన్న మాత్ర ఇవ్వకండి. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు, దాన్ని విరిచేసే శక్తి దాని కాలేయానికి లేదు. మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కకి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు తీస్తాయి. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఆ కళేబరాలు తిన్న రాబందుల్నే తుడిచిపెట్టేసింది, 2006లో మన దేశంలో పశువులకి దాన్ని నిషేధించాల్సి వచ్చింది.

కుంటుతోందనిపిస్తే ముందు ఇంట్లో, దానికి తెలియకుండా వీడియో తీయండి. నిద్ర లేచిన మొదటి పదడుగులు ముఖ్యం. పాదం తిప్పి వేళ్ళ సందుల్లో చూడండి, సగం కేసులు అక్కడే తేలతాయి. ముల్లు, గోమారు, మధ్యాహ్నం తారు రోడ్డు మీద కాలిన మెత్తలు. అసలు కాలు మోపకపోయినా, వాపున్నా, ఒక రోజు దాటి తగ్గకపోయినా తీసుకురండి. అన్నీ చూశాక ఏమీ లేదని తేలితే, అప్పుడు చింటూ వైద్యం. కుంటినప్పుడు తిట్టొద్దు, జాలీ పడొద్దు, అసలు చూడొద్దు. చక్కగా నాలుగు కాళ్ళ మీద నడిచినప్పుడు పిలిచి ముద్దు చేయండి. మొదటి నాలుగైదు రోజులు నాటకం ముదురుతుంది. చింటూ మూడో రోజున పక్కకి ఒరిగి పడిపోవడం కూడా ప్రయత్నించాడట. మాస్టారు గట్టిగా నిలబడ్డారు. టీచరమ్మ గారు వేరే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఇప్పుడు కాల్ రాకముందే వాణ్ణి పావుగంట బయట తిప్పి తెస్తున్నారు. డాలస్ మనవడు వీణ్ణి కూడా పేరు పెట్టి పలకరిస్తాడు. కాలు కిందే ఉంది.

నేను చెప్పాల్సింది అయింది. ఎవరైనా ఏమైనా అడుగుతారా? అమ్మా, మీరు చెప్పండి.

[సభలో ఒకావిడ: మేడమ్, మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళి పన్నెండు రోజులైంది. అప్పటినుంచి మావాడు సరిగ్గా తినట్లేదు. గేటు దగ్గరే పడుకుంటున్నాడు. అందరూ బెంగ అంటున్నారు. మావారేమో యాక్టింగ్ అంటున్నారు.]

బెంగ ఉంటుందమ్మా, కాదనను. బిస్కెట్లు తింటున్నాడా?

[బిస్కెట్ నోట్లో పెట్టుకుని వదిలేస్తున్నాడండీ.]

నోట్లో పెట్టుకుని వదిలేస్తున్నాడా. వయసెంత?

[తొమ్మిదేళ్ళు.]

అయితే మీవారి మాటా, అందరి మాటా పక్కన పెట్టండి. నేను ముందు పళ్ళు చూడాలి. రేపు పొద్దున తొమ్మిదికి తీసుకురండి. ఏమీ పెట్టకుండా తీసుకురండమ్మా, రక్తం తీయాలి. నీళ్ళు పర్వాలేదు.